మెత్తటి ముల్లు

డేవిడ్‌రాజ్ తాత భీమిలి దగ్గర పల్లెలో వల లాగిన మనిషి. తండ్రి మాత్రం ఉక్కు కార్ఖానా కడుతున్న రోజుల్లో భిలాయి వచ్చి కూలీగా చేరాడు, బరువులెత్తే ఖలాసీగా రిటైరయ్యాడు. డేవిడ్‌రాజ్ పుట్టిందీ, పెరిగిందీ, పెళ్లి చేసుకుందీ అక్కడి కార్మికుల బస్తీ క్యాంప్ 2లోనే. సముద్రం అతను చూసింది నలభై తొమ్మిదేళ్లలో నాలుగైదు సార్లు, అదీ ఎవరి పెళ్లికో చావుకో రైలెక్కి వెళ్లినప్పుడు.

ఊరి చివర హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో ఇరవై ఆరేళ్లు వెల్డింగ్ చేశాడు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు మీద అతను వేసిన అతుకు, చేప పొలుసులు ఒకదాని మీద ఒకటి సమంగా పేర్చినట్టుండేది. పక్క షెడ్ల వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లేవారు. పనిలో అంత ఒద్దికైన మనిషికి తిండి దగ్గర మాత్రం హద్దుండేది కాదు. పొద్దున షెడ్డు గేటు దగ్గర సమోసాలు, మధ్యాహ్నం క్యారేజీ, సాయంత్రం మళ్లీ వేడి వేడి భజియాలు. భార్య లిల్లీ చెప్పి చెప్పి విసిగిపోయి, ఆఖరికి క్యారేజీలో నూనె తగ్గించడం ఒక్కటే చేయగలిగింది.

లిల్లీ సెక్టర్ 4లో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. వాళ్లతోనే లిల్లీ తల్లి అచ్చమ్మ కూడా ఉంటుంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. పదిహేడో ఏట పెళ్లికూతురుగా సముద్రం ఒడ్డు నుంచి భిలాయి వచ్చింది. చేప లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టిన ఆ మనిషి, ఆరేళ్లుగా చేప ముక్క ముట్టుకోవడం మానేసింది. ఒకసారి రోహూ చేప ముల్లు గొంతుకి అడ్డం పడింది. దాన్ని ఆసుపత్రిలో తీసేసరికి రెండు రోజులు గుక్కెడు నీళ్లు కూడా మింగలేకపోయింది. అప్పటికే పళ్లు సగం ఊడాయి, చూపు తగ్గింది. ఆ తర్వాత ఇంట్లో చేపల పులుసు వండిన రోజున, గిన్నె మూత తీసి ఒకసారి వాసన పీల్చి, "ముక్కలు మీరు తినండి, నాకు రసం సాలు" అనేది. డేవిడ్‌రాజ్‌కి ఆ మాట విన్న ప్రతిసారీ ముద్ద చేదయ్యేది.

పోలండులో ఓడలు కట్టే యార్డు ఒకటి వెల్డర్లని తీసుకుంటోందని, రాయపూర్‌లో పరీక్ష పెడుతున్నారని తెలిసినప్పుడు, సరదాగా వెళ్లి చూద్దామని వెళ్లాడు. పరీక్షకి వచ్చిన వాళ్లలో వయసులో పెద్ద అతనే. అతని అతుకుని ఎక్స్‌రే తీసి చూసిన ఇంజనీరు, రెండోసారి చూడక్కర్లేదన్నాడు. రెండేళ్ల ఒప్పందం. డేవిడ్‌రాజ్ వీధికే చెందిన మనోజ్‌కుమార్ అనే ఫిట్టరు కూడా ఎంపికయ్యాడు. ముప్పై అయిదేళ్లవాడు, శ్రీకాకుళం వాళ్ల కుటుంబమే గానీ, భిలాయిలోనే పుట్టడంతో నోరు తెరిస్తే హిందీయే ముందొస్తుంది.

ఊరి పేరు గ్దాన్‌స్క్. లిల్లీకి ఎంత ప్రయత్నించినా ఆ పేరు నోరు తిరగలేదు. "ఆ గడ్డంసులో సలి ఎలగుంది?" అని ఫోనులో అడిగేది. చలి మాటలకి అందేలా లేదు. ఫిబ్రవరిలో దిగారు. యార్డు గేటు దాటగానే సముద్రం మీది గాలి మొహం మీద చరిచినట్టు తగిలేది. కానీ ఆ గాలిలో ఉప్పు వాసన ఉంది. తాత పీల్చిన వాసన ఇదే కదా అనుకుని, ఆ మొదటి రోజు డేవిడ్‌రాజ్ గేటు దగ్గర కాసేపు అలాగే నిలబడిపోయాడు.

హాస్టల్లో ఒక్కో అంతస్తుకి పన్నెండు మంది, రెండు పొయ్యిలు. పది గంటల షిఫ్టు చేసి వచ్చాక పొయ్యి కోసం వరసలో నిలబడే ఓపిక ఎవరికీ లేదు. రొట్టె, నూనెలో వేయించిన సాసేజి, చిప్స్, తియ్యటి కూల్‌డ్రింకు. ఏడు నెలలు అలా గడిచేసరికి ఎనిమిది కిలోలు పెరిగాడు. మెట్లెక్కితే ఆయాసం. అప్పుడే యార్డులో ఏడాదికోసారి చేసే వైద్య పరీక్ష వచ్చింది.

డాక్టరమ్మ పొడుగ్గా, తెల్లటి జుట్టుతో ఉంది. తన భాషలో మాట్లాడితే ఫోను దాన్ని హిందీలోకి మార్చి చదివింది. ఆ యంత్రం గొంతు ఏ భావమూ లేకుండా చెప్పింది: రక్తంలో కొవ్వు చాలా ఎక్కువ, బీపీ ఎక్కువ, మూడు నెలల్లో తగ్గకపోతే ఓడ ట్యాంకుల లోపల వెల్డింగుకి అనుమతి ఇవ్వలేను. ట్యాంకుల్లో పని లేకపోతే అతనికి అక్కడ పనే లేదు. మందులు రాసింది, తినాల్సినవీ మానాల్సినవీ ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చింది.

హాస్టల్‌కి వచ్చాక మనోజ్ ఆ కాగితాన్ని ఫోనులో పెట్టి చదివాడు. "కూరగాయలు తినాలంట. ఓట్స్ తినాలంట. ఔర్, వారానికి రెండు మూడు సార్లు నూనె చేప తినాలంట."

"నూనె చేపేటి?"

"మాలూమ్ నహీఁ భయ్యా. నూనె మానెయ్యమంది, నూనె చేప తినమంది. డాక్టరమ్మకే ఏదో గడబడ ఉంది."

నూనెలో వేయించిన చేప కాదని, ఒంట్లోనే మంచి కొవ్వు ఉండే చేపలని, కాసేపు వెతికాక ఇద్దరికీ అర్థమైంది. ఆ చేపల పేర్లు చూసి డేవిడ్‌రాజ్ నవ్వేశాడు. అందులో మొదటి రెండూ మన కవ్వలు, కానాగంతలే. భిలాయిలో లిల్లీ శనివారం శనివారం పులుసు పెట్టే, వేలెడంత సన్నటి వెండి చేపలు కవ్వలు. వీపు మీద నీలి చారలుండే జానెడు చేప కానాగంత. ఇక్కడి నీళ్లలో వాటి అన్నదమ్ములు ఉన్నట్టున్నాయి.

మర్నాడు షిఫ్టు అయ్యాక దుకాణానికి వెళ్లాడు. ఒక గోడంతా చేపల డబ్బాలే! ఎర్రవి, నీలివి, బంగారు రంగువి, ఒక దాని మీద పడవ బొమ్మ, ఒక దాని మీద గడ్డం ముసలాయన. మనిషికి మతి పోయింది. బొమ్మ అందంగా ఉన్న డబ్బా ఒకటి తీసుకొచ్చి గదిలో మూత లాగాడు. లోపల చేప లేదు. నూనెలో తేలుతూ లేత పసుపు రంగు ముద్దలున్నాయి.

మనోజ్ ఫోను పెట్టి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. "భయ్యా, ఇది చేప లివర్!"

పారేయడం ఇష్టం లేక డేవిడ్‌రాజ్ నిమ్మకాయ పిండుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్నాడు. వెన్నలా ఉంది, బాగానే ఉంది. కానీ అతని ప్రాణం కోరుకున్నది అది కాదు. ఈసారి బొమ్మలు చూసి మోసపోకూడదని, వెల్డింగ్ డ్రాయింగు చదివినట్టు లేబుళ్లు చదవడం మొదలుపెట్టాడు. మాక్రెలా అంటే కానాగంత జాతి. ష్‌ప్రోట్కి అంటే కవ్వల్లాంటి చిన్న చేపలు. ఒలెయ్ అంటే నూనె. సుల్ అంటే ఉప్పు. వందగ్రాములకి ఉప్పు ఎంతో డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ఉంటుంది, అది ఎక్కువున్న డబ్బాని తిరిగి అరలో పెట్టేయాలి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, డబ్బాని కంటికి ఆనించుకుని చదువుతుంటే దుకాణంలో అమ్మాయి నవ్వేది.

రెండో డబ్బా టొమాటో రసంలో చిన్న చేపలు. మూత తీయగానే ఎర్రటి రసం మధ్య వెండి పొట్టలు మెరిశాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న కారం కాస్త, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపి, ముదురు గోధుమరంగు రొట్టె మీద పరిచి కొరికాడు. అలవాటుగా నాలుక ముల్లు కోసం వెతికింది. ముల్లు తగిలింది. కానీ గుచ్చుకోలేదు. వేలితో బయటికి తీసి చూశాడు. సన్నటి వెన్నుముల్లు, నలిపితే పిండిలా రాలిపోయింది.

"ఏంటి భయ్యా, అలా చూస్తున్నావ్?" అన్నాడు మనోజ్.

"ఇది మా అత్త తినగలదురా" అన్నాడు డేవిడ్‌రాజ్.

అప్పటి నుంచి అతని తిండి మారిపోయింది. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రొట్టె మీద చేప, ఆకుకూరలు, దోసకాయ. నూనె డబ్బా అయితే నూనె వంపేసేవాడు. రోజుకో రుచి కనిపెట్టేవాడు. ఆవాలు, కరివేపాకు తాలింపు వేసి ఒకరోజు, చింతపండు గుజ్జు రాసి ఒకరోజు. మొదట్లో ముక్కు మూసుకున్న మనోజ్ కూడా రెండో వారానికి గిన్నె పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. పక్క గదుల్లోని నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఆదివారం పూట ఎవరి డబ్బా వాళ్లు తెచ్చి, "డేవిడ్, నీ మసాలా వెయ్యి" అని బల్ల మీద పెట్టేవారు.

పొగ చేప దొరికింది శనివారం సంతలో. ఇటుకల పెద్ద హాలు, లోపల వరసగా అంగళ్లు. ఒక మూల నుంచి కమ్మటి పొగ వాసన వస్తుంటే, దాని వెంట నడిచి వెళ్లాడు. ఒక లావుపాటి ముసలమ్మ ముందు, బంగారు రంగు చేపలు తలకిందులుగా కొక్కేలకు వేలాడుతున్నాయి. అంగడి ముందు నిలబడ్డ వాళ్లందరూ ఆవిడ వంక చూసి "పాని, పాని" అంటున్నారు. డేవిడ్‌రాజ్ యాభై ఏళ్లుగా హిందీ వింటున్న మనిషి. పాపం ఎవరికో దాహం వేస్తోంది, ఈ ముసలమ్మ వినిపించుకోవడం లేదు అనుకున్నాడు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, ముందుకు చాచాడు.

అందరూ మాటలు ఆపి అతని వంక చూశారు. ముసలమ్మ సీసా అందుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది, ఏమనుకుందో రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చింది. పక్కనున్న అబ్బాయి ఇంగ్లీషులో చెప్పాడు: పాని అంటే అమ్మగారు అని అర్థం, ఆవిడ పేరు హలీనా. సంగతి తెలిసి డేవిడ్‌రాజ్ తల పట్టుకుని నవ్వాడు. మా ఊళ్లో పానీ అంటే నీళ్లు అని అతను చెబితే, ఆ అబ్బాయి దాన్ని ముసలమ్మకి చెప్పాడు. ఆవిడ పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఒక చేపని దింపి, తల దగ్గర గిల్లి, తోలుని మేజోడు విప్పినట్టు ఒక్క లాగులో తీసేసింది. వెన్నుముల్లు మొత్తం ఒక దువ్వెనలా ఊడి వచ్చింది. కాగితం మీద పెట్టి, తినమని సైగ చేసింది.

నిలబడే తిన్నాడు. కండ పొరలు పొరలుగా విడిపోయింది. మెత్తగా, కొవ్వుగా, లోపలి దాకా పొగ వాసనతో. చిన్నప్పుడు చలికాలంలో క్యాంప్ 2 ఇళ్ల ముందు కుంపట్లు వెలిగించినప్పుడు వచ్చే వాసనకి చేప తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంది. వేళ్లు నాక్కుంటుంటే ముసలమ్మ ఇంకో ముక్క పెట్టింది.

ఆ వారమే ఇంటికి వీడియో కాల్ చేసి చేపని ఫోను ముందు పెట్టాడు. లిల్లీ వెనక నుంచి అచ్చమ్మ మెడ చాచింది.

"ఓలమ్మా! ఏటది బావూ, బంగారం పూతెట్టినట్టుంది?"

"కానాగంతే అత్తా. పొగలో ఉడికిస్తారంట."

"పొగా?" అచ్చమ్మ ఫోనుకి ఇంకా దగ్గరగా వచ్చింది. తెర నిండా ఆవిడ ముక్కే కనిపించింది. "మా యమ్మ సేసేది. ముసురెట్టినప్పుడు ఎండుండదు కదా, మరి సేపలేటి సెయ్యాల? పొయ్యి మీద తాడు కట్టి, దండలా గుచ్చీసి ఏలాడదీసీది. కొబ్బరి పీచు పొగ. రెండ్రోజులకి ఇలగే అయిపోయీవి." అరవై ఏళ్లుగా భిలాయిలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. లిల్లీ సహా అందరూ మొదటిసారి వింటున్నారు.

మూడు నెలలకి మళ్లీ రక్తం తీశారు. డాక్టరమ్మ కాగితం వంక చూసి, డేవిడ్‌రాజ్ వంక చూసి, మళ్లీ కాగితం చూసింది. ఆరు కిలోలు తగ్గాడు. కొవ్వు లెక్కకి దగ్గరలోకి వచ్చింది, బీపీ దిగింది. మందులూ నడకా పని చేశాయంది. ఇంకేం చేశావని అడిగింది. డేవిడ్‌రాజ్ ఫోను అక్కర్లేకుండా తనకొచ్చిన పోలిష్‌లో సమాధానం చెప్పాడు. "మాక్రెలా." ఆవిడ బిగ్గరగా నవ్వింది.

రెండేళ్లు గడిచాయి. మనోజ్ ఇంకో ఏడాది ఉంటానన్నాడు. డేవిడ్‌రాజ్ వచ్చేశాడు. పెట్టె విప్పితే చాక్లెట్లు ఉంటాయని లిల్లీ ఆశపడింది. చాక్లెట్లు ఉన్నాయి, రెండు పెట్టెలు. మిగతాదంతా, బట్టల మడతల్లో, సాక్సుల్లో, చేపల డబ్బాలే. పంతొమ్మిది!

"రెండేళ్ల తర్వాత వచ్చి పెళ్లానికి డబ్బా సేపలు తెచ్చిన మొగుడు మీరొక్కరే" అంది లిల్లీ.

"నీకు కాదు, మీ యమ్మకి."

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. డేవిడ్‌రాజ్ డబ్బా మూత లాగి, అచ్చమ్మ కంచం పక్కన పెట్టాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు బావూ. నీకు తెలుసు కదా. నాకు రసం సాలు."

"అత్తా, ఒక్కసారి చెయ్యి ఇలగియ్యి." ఆవిడ అరచేతిని తెరిచి, ఒక చేపని విడదీసి వెన్నుముల్లుని అందులో పెట్టాడు. "నలుపు."

అచ్చమ్మ భయం భయంగా వేళ్లతో నొక్కింది. ముల్లు పిండయిపోయింది. ఇంకా నమ్మక, వేళ్లని ఒకదానితో ఒకటి రాసి చూసుకుంది. లిల్లీని పిలిచి చూపించింది. తర్వాత ఒక చిన్న ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు చప్పరించింది. మింగింది. గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుని ఆగింది.

"దిగిపోయింది" అంది ఆశ్చర్యంగా.

ఇంకో ముక్క తీసుకుంది. ఆ తర్వాత డబ్బాని తన వైపు లాక్కుంది. "అన్నం పెట్టవే" అని కూతురిని గదమాయించింది. ఆ పూట డబ్బా అడుగున రసం కూడా మిగల్లేదు. ఎనిమిదేళ్ల తర్వాత చేప తిన్న ఆ మనిషి, కంచంలోనే చెయ్యి కడుక్కుని, చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటూ కూర్చుంది. లిల్లీ చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏడుస్తావేటే? నాను తినీసినానని ఏడుస్తన్నావా?" అంది అచ్చమ్మ. దానితో ముగ్గురూ నవ్వేశారు.

పంతొమ్మిది డబ్బాలు నెలన్నర కూడా రాలేదు. మాల్‌లో వెతికితే ఒకే రకం డబ్బా దొరికింది, పీచు పీచుగా ఉన్న పెద్ద చేప. అచ్చమ్మ ఒక ముద్ద తిని పక్కన పెట్టేసింది. మళ్లీ రసం దగ్గరికి వస్తుందేమోనని డేవిడ్‌రాజ్ దిగులు పడ్డాడు. దారి చూపించింది లిల్లీ.

"ఆ డబ్బాలో ఏటుందండీ? మూత బిగించి, బాగా ఉడకబెట్టినారు, అంతే కదా. మనింట్లో కుక్కర్ లేదా?"

భిలాయి పవర్‌హౌస్ మార్కెట్‌లో నూకరత్నం అనే ఆవిడ చేపలు అమ్ముతుంది. విశాఖపట్నం నుంచి రైల్లో ఐసు పెట్టెల్లో వస్తాయి. లిల్లీ రెండు కిలోల కవ్వలు తెచ్చి, తలలు తీసి, కుక్కర్‌లో వరసలుగా పేర్చింది. చింతపండు రసం, టొమాటో, చిటికెడు పసుపు, కాస్త నూనె. సన్నటి మంట మీద గంట సేపు ఉంచింది. మూత తీసేటప్పుడు డేవిడ్‌రాజ్ పక్కనే నిలబడ్డాడు. చేపలు చెదరలేదు. ఒకటి తీసి వెన్ను నలిపాడు. పిండి!

"రెండేళ్లు ఆ దేశంలో ఉండి మీరు నేర్చుకున్నది, నాను ఒక్క గంటలో నేర్చీసుకున్నాను" అంది లిల్లీ. అది నిజమేనని అతను తల ఊపాడు. కానీ పౌరుషం వచ్చింది. డబ్బా చేప లిల్లీ చేసింది, పొగ చేప నేను చేస్తాను అన్నాడు.

అప్పటికే పాత షెడ్డులో మళ్లీ పనికి చేరాడు. పనికిరాకుండా మూల పడి ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ముక్కని యజమానిని అడిగి తీసుకున్నాడు. దానితో పొగ పెట్టడానికి నడుమెత్తు అలమారా చేశాడు. పైన కొక్కేలు, కింద పొగ పళ్లెం, తలుపుకి వేడి చూపించే ముల్లు గడియారం. ఒక్క అతుకులోంచి కూడా పొగ బయటికి రాకుండా వేశాడు. షెడ్డులో వాళ్లు అది ఏ ఫ్యాక్టరీ ఆర్డరని అడిగితే, "అత్త ఆర్డర్" అన్నాడు.

మొదటిసారి ఇంటి డాబా మీద పెట్టాడు. కానాగంతలు కడిగి, ఉప్పు నీళ్లలో ఊరబెట్టి, తడి తడిగానే వేలాడదీశాడు. కట్టె కోసం షెడ్డులో పడి ఉన్న ప్యాకింగ్ పెట్టెల చెక్కలు విరగ్గొట్టి పెట్టాడు. నల్లటి పొగ లేచింది. ఇరుకు వీధి, డాబాలన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. "ఆగ్ లగీ హై!" అని ఎవరో అరిచారు. పది నిమిషాల్లో మెట్ల నిండా బకెట్లతో జనం. అలమారా తలుపు తీసి చూస్తే చేపలు మసి పట్టి, తారు పూసినట్టున్నాయి. ఒకటి కొరికాడు. చేదు విషం.

అచ్చమ్మ కింద కూర్చునే ఒక చేపని తెప్పించుకుని, చూసి, పక్కన పడేసింది. "తడి సేపకి పొగెడితే మసే అంటుతాది గానీ పొగంటదు. తుడిసి, గాలికి ఆరబెట్టాల. ముట్టుకుంటే తోలు సేతికి అంటుకోవాల, జిగటగా. అప్పుడెట్టాల పొగ. ఆ సెక్కలకి రంగులు, మేకులు, ఏటేటో ఉంటాయి, అవి పొయ్యిలో పెడతారేటి ఎవరైనా? జామ కొమ్మలు తేండి. కొబ్బరి పీచు తేండి."

"ముందే చెప్పొచ్చు కదా అత్తా!"

"నువ్వు ఇంజినీరు కదా బావూ, నన్నడిగినావేటి?"

లిల్లీ పనిచేసే స్కూలు ఆవరణలో జామచెట్లు చాలా ఉన్నాయి. వానాకాలం తర్వాత కొట్టేసిన కొమ్మలు గోడ పక్కన ఎండి పడి ఉన్నాయి. అడిగి ఒక మోపు కట్టించుకుని స్కూటరు మీద పెట్టుకొచ్చింది. కొబ్బరిబొండాల బండి వాడి దగ్గర ఎండిన పీచు దొరికింది. ఈసారి క్యాంపులో కాదు, హథ్‌ఖోజ్‌లో, ఆదివారం షెడ్డుకి సెలవు కాబట్టి వెనక ఖాళీ స్థలంలో. చర్చి నుంచి నేరుగా వచ్చారు. అచ్చమ్మ కూడా వస్తానని పట్టుబట్టి, ఆటోలో వచ్చి, షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ఉప్పు ఈసారి తక్కువ వేశాడు డేవిడ్‌రాజ్. అచ్చమ్మ వేలితో రుచి చూసి మొహం చిట్లించింది.

"సప్పగా ఉంది."

"నీకు బీపీ ఉంది అత్తా, నాకూ ఉంది. ఉప్పు ఇంతే."

"నీ డాక్టరమ్మ నా నోటికి కూడా తాళమేసిందేటి?" అంది గానీ, ఇంకేం అనలేదు.

చేపలని తుడిచి, తాడు మీద గాలికి ఆరబెట్టారు. గంటన్నర పట్టింది. అచ్చమ్మ లేచి వెళ్లి ఒక్కో చేపని వేలితో తాకి చూసి, "ఇది అయింది. ఇది అవలేదు. ఇది అయింది" అంటూ తేల్చింది. తర్వాత జామ కొమ్మల నిప్పు మీద తడి పీచు పరిచారు. సన్నటి తెల్లని పొగ, కళ్లు మండని పొగ, నెమ్మదిగా లేచింది. డేవిడ్‌రాజ్ ముల్లు గడియారం ముందు గొంతుక్కూర్చుని, వేడి పెరిగితే గాలి మూస్తూ, తగ్గితే తెరుస్తూ మూడు గంటలు గడిపాడు. మధ్యలో లిల్లీ టీ తెచ్చింది. సాయంత్రపు ఎండ షెడ్డు రేకుల మీద నుంచి దిగిపోతుండగా తలుపు తీశాడు.

లోపల పన్నెండు కానాగంతలు బంగారు కడ్డీల్లా వేలాడుతున్నాయి.

డేవిడ్‌రాజ్ ఒకదాన్ని దింపి, తల దగ్గర గిల్లి లాగాడు. తోలు ఒక్క లాగులో ఊడింది. వెన్ను మొత్తం దువ్వెనలా పైకి వచ్చింది. అయినా పక్క ముళ్లేమైనా ఉన్నాయేమోనని లిల్లీ వేళ్లతో తడిమి తడిమి చూసి, శుభ్రంగా ఒక అరటాకు ముక్క మీద పెట్టి తల్లికిచ్చింది.

అచ్చమ్మ తింది. నమిలేందుకు పళ్లు అక్కర్లేదు, నాలుకతో నొక్కితే చాలు. ఒక చేప అయిపోయింది. అరటాకు చాపింది. రెండో చేప పెట్టారు. అదీ అయిపోయాక తల ఎత్తి అల్లుడి వంక చూసింది.

"మా యమ్మ కన్నా బాగా సేసినావు" అంది. మళ్లీ ఒక్క క్షణం ఆలోచించి, "ఉప్పొకటే తగ్గింది" అంది.

డేవిడ్‌రాజ్ సంతోషం పట్టలేక అలమారా తలుపు మీద దబదబా చరిచాడు. అది వేడిగా ఉందన్న సంగతి మరిచిపోయి, చెయ్యి కాల్చుకుని, గెంతుతూ నీళ్ల కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. తల్లీ కూతుళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇది జరిగి ఏడాది అయింది. ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు షెడ్డు వెనక పొగ లేస్తుంది. చర్చి నుంచి నాలుగైదు కుటుంబాలు, షెడ్డులో పనిచేసే ఛత్తీస్‌గఢీ వాళ్లు, ఎవరి చేపలు వాళ్లు తెచ్చుకుంటారు. డేవిడ్‌రాజ్ సమోసాలు పూర్తిగా మానలేదు గానీ, వారానికి ఒకటికి తెచ్చాడు. ఆరు నెలలకోసారి రక్తం పరీక్ష చేయించుకుని, కాగితాన్ని లిల్లీకి ఇచ్చి, ఆవిడ చదివి తల ఊపేదాకా ఎదురుగా నిలబడతాడు.

మొన్న శనివారం నూకరత్నం అంగడికి అచ్చమ్మే స్వయంగా వెళ్లింది. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని ఐసు పెట్టె మీదికి వంగి, చేపల కళ్లు చూసింది, మొప్పలు ఎత్తి చూసింది.

"నీకెందుకు మామ్మా శ్రమ, నాను ఏరి ఇస్తాను కదా" అంది నూకరత్నం.

"నువ్వు ఇస్తావులే. నాకు ఏరుకోవాలనుంది" అంది అచ్చమ్మ. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, నచ్చినవి సంచిలో వేసుకుంటూ, చాలాసేపు అక్కడే ఉంది.